పదో నమూనా

ఆ ఏడు నేను బోటనీ తప్పాను. మొత్తం బోటనీ కాదు, బూజులూ పుట్టగొడుగులూ ఉండే పేపరు ఒక్కటే. రైజోపస్ లక్షణాలు ఆస్పర్జిల్లస్‌కి, ఆస్పర్జిల్లస్ లక్షణాలు పెనిసిలియమ్‌కి రాసి, మూడింటికీ కలిపి ఒకే బొమ్మ వేసి వచ్చాను. సెప్టెంబరులో మళ్ళీ రాయాలి. పేపరుతోపాటు రికార్డు కూడా కొత్తగా పెట్టాలి. పది శిలీంధ్రాలను సొంతంగా సేకరించి, ఒక్కొక్కటి ఏ ప్రజాతికి చెందిందో, ఎందువల్ల చెందిందో రాస్తే తప్ప సంతకం పెట్టనన్నారు మా లెక్చరర్ నరసింహమూర్తి గారు.

నమూనాలకి కరువేం లేదు. అంతకుముందు నవంబరులో వచ్చిన తుఫానుకి మా తోటలో సగం కొబ్బరిచెట్లు పడిపోయాయి. తొంభై ఏడు జూలై వానలకి ఆ మొద్దులన్నీ నానిపోయి, అమలాపురం చుట్టుపక్కల ఏ తోటలో చూసినా నిలబడ్డ చెట్లకంటే పడ్డవాటి మీద మొలిచినవే ఎక్కువ కనబడేవి. మొద్దుల మీద చిన్న చిన్న విసనకర్రల్లా తెల్లటి షైజోఫిల్లమ్. చావుకి సిద్ధంగా ఉన్న చెట్టు మొదట్లో వార్నిష్ పూసినట్టు మెరిసే గానోడెర్మా. పేడకుప్ప మీద బుల్లి గిన్నెల్లాంటి పెజైజా. అటక మీద పాడైన కురిడీ కొబ్బరికాయల్లో పచ్చటి ఆస్పర్జిల్లస్. వంటింట్లో నేను కావాలనే మూతపెట్టి దాచిన అన్నంలో రైజోపస్.

"అన్నం పాడుచేస్తే మార్కులేస్తారా మీ కాలేజీలో?" అని అడిగింది మా అమ్మ సావిత్రి.

వేస్తారన్నాను.

"అయితే నాకెప్పుడో ఫస్టు క్లాసు రావాలి" అంది.

అలా తొమ్మిది పోగయ్యాయి. పదోది దొరికేలోపు మా ఇంటికి రామలక్ష్మి వచ్చింది.

ఆషాఢం ముసురులో ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు రిక్షా ఆగింది. ముప్పై ఏళ్ళ మనిషి దిగింది. తాళ్ళతో కట్టిన నీలం రంగు పెట్టె దింపించుకుంది. పెట్టె మీద తెల్ల పెయింటుతో మా బాబాయి పేరు రాసి ఉంది. అది చూసి నాన్న వీధిలోకి వచ్చాడు.

మా బాబాయి కనకరాజు కువైట్‌లో డ్రైవరు. ఆ మార్చిలోనే గుండె ఆగి పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళి కాలేదనే అందరం అనుకున్నాం. శవం విమానంలో వస్తే నాన్నే కర్మ చేశాడు.

"త్రిమూర్తులు గారిల్లు ఇదేనాండి?" అంది ఆవిడ.

"ఆయ్. నేనే. మీరెవరండి?"

"రామలక్ష్మినండి. మాది మురమళ్ళ. నేనూ కనకరాజు గారూ అక్కడ పెళ్ళి చేసుకున్నామండి, రెండేళ్ళయింది. ఆయన పోయినప్పుడు నేను పనిచేసే ఇంటోళ్ళు పాస్‌పోర్టు ఇవ్వలేదండి. ఇప్పుడొదిలేరు."

నాన్న వెనక్కి తిరిగి మామ్మ వైపు చూశాడు. మా మామ్మ వీరాయమ్మ వసారాలో మంచం మీద ఉంది. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఆ మంచం దిగడం తక్కువ.

"కాయితం ఉందా?" అంది మామ్మ.

"లేదండి. రూములో నలుగురు స్నేహితుల ముందు పసుపుతాడు కట్టేరండి."

"పసుపుతాడు ఏ కొట్లో అడిగినా ఇస్తారు."

వాన పెద్దదైంది. వానలో నిలబెట్టలేక అమ్మ లోపలికి రమ్మంది. అంతే, ఆవిడ మా ఇంట్లో ఉండడం అలా మొదలైంది. ఉండమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు.

ఆవిడ నుదుట చిన్న నల్లచుక్క ఉంది. మొదటిరోజే మామ్మకి అది పెద్ద గొడవైంది. "మొగుడు పోయినదైతే ఆ బొట్టేంటి?" అంది. మర్నాడు రామలక్ష్మి బొట్టు లేకుండా పెరట్లోకి వచ్చింది. "నా కొడుకు పేరు చెప్పి బొట్టు తీసే హక్కు దీనికెవరిచ్చేరు?" అంది మామ్మ. మూడోరోజు ఆవిడ మొహం వంక చూడ్డానికి నాకే భయం వేసింది.

అసలు చిక్కు పిలుపుతో వచ్చింది. మా వైపు మనిషిని పిలవాలంటే వరస ఉండాలి. వీధిలో పోయే కాయల బేరగాడిని కూడా అన్నయ్యగారూ అనో బాబాయిగారూ అనో పిలిచే ఊరు మాది. అలాంటిది మా ఇంట్లో తింటున్న మనిషికి వరస లేదు. పిన్నిగారూ అంటే బాబాయి భార్యేనని మేమే ఒప్పుకున్నట్టు. అక్కా అంటే బాబాయికి కూతురి వరస అయిపోతుంది, అది మరీ ఘోరం. అత్తా అంటే చెల్లెలవుతుంది, అదింకా అన్యాయం. అమ్మనడిగితే "మీ నాన్ననడుగు" అంది. నాన్ననడిగితే "ప్రస్తుతానికి ఏమండీ అను" అన్నాడు. మామ్మనడిగితే "పిలవాల్సిన పనేంటి నీకు?" అంది. అమ్మ అయితే ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడితే తప్ప మాట మొదలెట్టేది కాదు.

నాకు బుర్ర తిరిగిపోయేది. ఆవిడ నిజమే చెబుతోందని ఉదయం అనిపించేది. బాబాయి ఇన్ని ఉత్తరాలు రాసి ఒక్కదాంట్లోనైనా చెప్పలేదే అని సాయంత్రం అనిపించేది. బాబాయి మీద కోపం వచ్చేది. పోయినవాడి మీద కోపం తెచ్చుకున్నందుకు ఏడుపు వచ్చేది.

ఒకరోజు నూతి దగ్గర బట్టలు పిండుతూ ఆవిడే అంది. "తోటలో వాటా అడగడానికి రాలేదండి, అమ్మాయిగారూ. మా అన్నయ్య గుమ్మం ఎక్కనివ్వట్లేదు. ఎవరి భార్యవే నువ్వు అంటన్నాడు. ఇక్కడికొచ్చేదాకా ఎదురింట్లో మా పెద్దమ్మ వసారాలో పడుకున్నాను. ఈ ఇంటోళ్ళు ఔను మా కోడలే అంటే చాలండి. ఇంకేం వద్దు."

నేను బట్టలు ఆరేయడానికి సాయం చేశాను.

ఆ వారంలోనే తొమ్మిది నమూనాలూ పట్టుకుని అమలాపురం వెళ్ళాను. నరసింహమూర్తి గారు ఒక్కొక్కటీ కళ్ళద్దాలు ఎత్తి చూశారు.

"ఆస్పర్జిల్లస్‌ని ఎక్కడ పెట్టేవమ్మా సౌజన్యా?"

"డ్యూటిరోమైసిటిస్‌లోనండి. అసంపూర్ణ శిలీంధ్రాల్లో."

"అంటే?"

"జీవితచక్రంలో సగమే తెలిసినవండి."

"ఎవరికి తెలిసింది? మనకి. అసంపూర్ణం మన తెలివి, అవి కాదు. వాటి బతుకు అవి పూర్తిగానే బతుకుతున్నాయి. రెండో సగం కనబడ్డాక తీసి సరైన చోట పెడతాం. అప్పటిదాకా ఏదో ఒక పేరుతో పిలవాలి కదా." ఇంకా చెప్పారు. "పదోది పుట్టగొడుగు తెస్తే మాత్రం, సిద్ధబీజాల రంగు చూడకుండా ప్రజాతి పేరెత్తకు. సగం తెల్లకాయితం, సగం కార్బన్ పేపరు పెట్టి, దాని మీద గొడుగు బోర్లించి గిన్నె మూసెయ్యి. తెల్లపొడి రాలితే నలుపు మీద కనబడుద్ది. రంగుపొడి అయితే తెలుపు మీద కనబడుద్ది."

ఆయ్ అన్నాను. నోట్సులో రాసుకున్నాను కూడా.

తర్వాత ఆదివారం వాన కాస్త తెరిపిచ్చింది. రామలక్ష్మి చేట పట్టుకుని గడ్డిమేటు వైపు వెళ్ళి, చేటనిండా పుట్టగొడుగులు ఏరుకొచ్చింది. కోడిగుడ్లలా మూసుకుని ఉన్నవి కొన్ని, సగం విచ్చుకున్నవి కొన్ని. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండిమ్మని అడిగితే ఒక గుడ్డూ, ఒక సగం విచ్చినదీ ఇచ్చి, మిగతావి వంటింట్లోకి పట్టుకెళ్ళింది. కాసేపటికి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది.

నేను వసారాలో గైడు తెరుచుకుని కూర్చున్నాను. గుడ్డుని బ్లేడుతో నిలువుగా కోశాను. లోపల బుల్లి గొడుగు, దాని కింద సన్నటి రేకుల్లా తెల్లటి మొప్పలు. రెండోదాని కాడ అడుగున గిన్నెలా చిరిగిన పొర. దాని మొప్పలూ తెలుపే. గైడులో పట్టిక ఉంది. కాడ అడుగున గిన్నె, మొప్పలు తెలుపు: అమనిటా. అనేక జాతులు ప్రాణాంతకం. ఆరు నుంచి పది గంటల వరకు ఏ లక్షణమూ కనిపించదు.

లోపలినుంచి మామ్మ గొంతు వినిపించింది. "సావిత్రీ, నాకూ ఓ గరిటె వెయ్యమను. మా కనకరాజుకి ప్రాణం ఈ కూరంటే."

పదకొండు రోజులుగా రామలక్ష్మి చేతి నీళ్ళు కూడా ముట్టుకోని మామ్మ అడిగిన మాట అది. నేను ఆ సంగతి ఆలోచించలేదు. గైడు పట్టుకుని పరుగెత్తాను. మామ్మ పీట మీద కూర్చుని ముద్ద కలుపుతోంది.

"మామ్మా, తినకు. అది విషం."

మామ్మ చెయ్యి ఆగిపోయింది.

"కాదండి" అంది రామలక్ష్మి. "గడ్డి పుట్టగొడుగులేనండి. చిన్నప్పట్నుంచీ తింటన్నాం."

"పుస్తకంలో ఉంది. అమనిటా" అన్నాను నేను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది, ఒప్పుకోవాలి. తప్పిన పేపరులో మొదటిసారి ఒక జవాబు నాకు గట్టిగా తెలిసింది.

మామ్మ కంచం ముందుకు తోసేసింది. రామలక్ష్మి మొహంలోకి చూస్తూ అంది. "నా కొడుక్కి కూడా ఇలాగే పెట్టేవా?"

నాన్న తల దించుకున్నాడు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. రామలక్ష్మి మామ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది. ఆ కంచం తన వైపు లాక్కుని, మామ్మ కలిపిన అన్నమే తినడం మొదలుపెట్టింది. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. రామలక్ష్మి మెల్లగా విడిపించుకుంది. మెతుకు మిగల్చకుండా తిని, లేచి కంచం కడిగి బోర్లించింది.

"ఉప్పు కొంచెం తగ్గిందండి" అంది.

నాన్న స్కూటరు తీసి డాక్టరు కోసం వెళ్ళాడు. గంట తర్వాత ఒక్కడే వచ్చాడు, డాక్టరుగారు కాకినాడ వెళ్ళారట. ఉప్పునీళ్ళు తాగి కక్కెయ్యమని అమ్మ ఎంత బతిమాలినా ఆవిడ వినలేదు. వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మేం చుట్టూ కూర్చున్నాం. అమ్మ మిగతా కూరంతా పెరట్లో గొయ్యి తీసి పూడ్చేసింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, నరసింహమూర్తి గారు చెప్పింది. సగం విచ్చిన పుట్టగొడుగు కాడ కోసేసి, తెల్లకాయితం, కార్బన్ పేపరు పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా పడేలా గొడుగు బోర్లించాను. స్టీలు గిన్నె మూశాను. తెలుపు రాలితే ఆవిడ పోతుంది. రంగు రాలితే నేను చేసింది పాపం. ఏది రాలాలో అనుమానం లేదు గానీ, నా తప్పు కాకూడదని కూడా లోపల ఎక్కడో ఉంది. పందొమ్మిదేళ్ళకి మనసు అంత వంకరగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడవుతుండగా మామ్మ మంచం దిగింది. వచ్చి రామలక్ష్మికి కొంచెం ఎడంగా కూర్చుంది.

"కడుపులో తిప్పుతుందా?"

"లేదండి. బానే ఉంది."

మామ్మ గడ్డిమేటు వైపు చూసింది.

"గడ్డిమేటు కింద ఉంటాయని నీకెవరు చెప్పేరు?" అంది మామ్మ.

"ఆయనేనండి. పడమటి మూల, పాక చూరు నీళ్ళు పడే చోట లేస్తాయి, ఇంకెక్కడా వెతక్కు అనేవారండి. అక్కడ డబ్బాల్లో దొరుకుతాయి గానండి, నోట్లో పెట్టుకుని, మా అమ్మ వండినట్టు లేదనేవారు. పలచటి కొబ్బరిపాలు ముందు, చిక్కటివి దించేముందు. అదీ ఆయనే చెప్పేరండి."

పడమటి మూల సంగతి నాకే తెలియదు. మామ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి లేచి తన దుప్పటి తెచ్చి రామలక్ష్మి పక్కన పెట్టి మళ్ళీ మంచం ఎక్కింది.

దీపాలు పెట్టే వేళకి గిన్నె ఎత్తాను. గిన్నె కింద గొడుగు పూర్తిగా విచ్చుకుంది. మొప్పలు తెల్లగా లేవు. గొడుగు తీస్తే నల్లకాయితం సగం మీద సరిగ్గా ఏమీ తెలియలేదు. తెల్లకాయితం సగం మీద లేత గులాబీ రంగు గీతలు, ముగ్గులా, గొడుగు మధ్యలోంచి అంచుకి.

"అంటే?" అన్నాడు నాన్న.

"అమనిటా కాదు. వాల్వేరియెల్లా. అమనిటాకి తెల్లగా రాలుతుంది. దీనికి చిన్నప్పుడు మొప్పలు తెల్లగా ఉండి, ముదిరేక గులాబీ రంగు తిరుగుతాయి. తినేదే."

"మరి మధ్యాహ్నం అలా అన్నావేం?"

నాకు ఏడుపు ఆగలేదు. రామలక్ష్మి అంది, "పోనీలెండి అమ్మాయిగారూ. పుస్తకంలో ఉందనే కదా అన్నారు." తిట్టినా బాగుండేది.

మామ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

తెల్లవారి రామలక్ష్మి గుడ్డసంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దిగింది. "పెట్టె ఆయనదండి. ఇక్కడే ఉండనివ్వండి" అంది నాన్నతో. నాన్న ఏదో అనబోయి దగ్గాడు. అమ్మ వీధి అరుగు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆవిడని ఆపాలంటే పిలవాలి. మా నలుగురిలో ఒక్కరి దగ్గరా పిలవడానికి మాట లేదు. గేటు దాటుతుండగా నేను నోరు తెరిచాను. నోట్లోంచి "ఏమండీ" అనే వచ్చింది.

ఆవిడ వెనక్కి తిరిగింది. కాసేపు ఆగింది, ఇంకేమైనా అంటానేమోనని. నేను అనలేదు. వెళ్ళిపోయింది.

శ్రావణమంతా మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. నేను రికార్డు రాసుకున్నాను. పదో పేజీలో గులాబీ ముద్ర ఉన్న కాయితం అంటించి లక్షణాలు రాశాను. ఛత్రం బూడిదరంగు, కాడకి వలయం లేదు, అడుగున గిన్నె ఉంది, కుళ్ళిన వరిగడ్డి మీద పెరుగును. మామ్మ మంచం మీంచి చూస్తోంది.

"అదేంటి, అక్కడ ఖాళీ వదిలేసేవు?"

"ఎవరు ఏరేరో రాయాలి మామ్మా. పేరు తెలుసు. ఏమవుతారో తెలీక వదిలేసేను."

మామ్మ చాలాసేపు తాటాకు విసనకర్రతో విసురుకుంది.

"ఆ పెట్టె ఇక్కడ ఉండిపోయింది. వచ్చి చూసుకోమని ఉత్తరం రాయి."

రెండు ముక్కలు రాసి కవరు అంటించాను. పైన విలాసం రాయబోతూ ఆగాను. "ఏమని రాయను?"

"కనకరాజు భార్య రామలక్ష్మి అని రాయి" అంది మామ్మ. వెంటనే కసిరింది, "అలా రాయకపోతే పోస్టుమేన్‌కి ఎలా తెలుద్ది? మురమళ్ళలో ఎంతమంది రామలక్ష్ములుంటారో."

నాలుగు రోజుల తర్వాత, ముసురు పట్టిన సాయంత్రం, రామలక్ష్మి వచ్చింది. చేతిలో ఆ కవరు ఉంది. చింపలేదు.

"లోపలేం రాసేరో ఇంకా చూడలేదండి" అంది. "మా అన్నయ్య ఇంటి ముందు పోస్టుమేన్ పైకి చదివేడండి, కనకరాజు గారి భార్య ఎవరండీ అని. మా అన్నయ్య కూడా అరుగు మీదే ఉన్నాడు. నేనేనండి అన్నాను."

ఆవిడకీ బాబాయికీ పెళ్ళి జరిగిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నలుగురు స్నేహితుల్లో ఒక్కడూ ఎప్పుడూ మా గుమ్మానికి రాలేదు. బాబాయి మాకు ఎందుకు చెప్పలేదో తెలియదు. తెలియనివి అలాగే ఉన్నాయి.

"రండి పిన్నిగారూ" అన్నాను. అనడం ఇంత తేలికా అనిపించింది.

మామ్మ ఆవిడ వంక చూడలేదు. మంచం మీంచే, వీధిలోకి చూస్తూ అంది.

"నిన్నట్నుంచీ ముసురే. పడమటి మూల లేచే ఉంటాయి. చీకటి పడకుండా ఏరుకురా. ఈసారి ఉప్పు సరిగ్గా వెయ్యి."

పిన్ని సంచి లోపల పెట్టి, చేట ఎక్కడుందని ఎవరినీ అడక్కుండా తీసుకుని, గడ్డిమేటు వైపు వెళ్ళింది.